సహించడం

పదహారో మంచం. దొరసామి. యాభై ఎనిమిదేళ్ళు.
ఊరు పెనుమూరు పక్కన, పని బెల్లం గానుగ.
ఊపిరి యంత్రానిది,
నిద్ర మందుది,
ఆకలి నాది.

అవును, ఈ తిరుపతి ఆసుపత్రిలో
పన్నెండు మంది ఆకలి
నా కాలిక్యులేటర్‌లో ఉంటుంది.
తూచడానికి మనిషి లేచి నిలబడడు కదా,
మోకాలి కింద టేపు పెట్టి బరువు ఊహిస్తాను.
సంతలో మేకను చూపుతోనే తూచే
మా తాత గుర్తొస్తాడు.

ముక్కులోంచి గొట్టం.
ముక్కు, గొంతు, కడుపు.
దారిలో నాలుక లేదు.
బైపాసు మీద పోయే బస్సుకు
చెయ్యెత్తి నిలబడ్డ ముసలమ్మలా
ఎండిపోయి, అక్కడే ఉంటుంది.

పొడి డబ్బా మీద
షుగరున్న వాళ్ళకు, వెనిల్లా రుచి, అని రాసుంది.
ఎవరు చదువుకోవాలనో ఆ రుచి?
నలభై ఏళ్ళు పాకాన్ని
వేళ్ళ మధ్య సాగదీసి చూసిన మనిషి
ఇప్పుడు తీపిని కడుపుతో మాత్రమే
కలుసుకుంటున్నాడు.

అద్దం తలుపు దగ్గర కన్నెమ్మ.
"మేడమ్మా, ఈ పొద్దు ఏం పెడితిరి?"
"గంటకు ఇరవై ఎంఎల్."
"అంటే ఎన్ని ముద్దలు?"

నేను చదివిన ఏ పుస్తకంలోనూ
ముద్దల లెక్క లేదు.
ఉగ్గుగిన్నెలో సగం, అన్నాను.
చాలాసేపు తన అరచెయ్యి చూసుకుంది.
"మా మనవడే అంతకన్నా ఎక్కువ తాగతాడే."

ఆమె చేతిలో స్టీలు డబ్బా రోజూ ఉంటుంది.
రాగి సంగటి, చెనిక్కాయల ఊరిబిండి.
లోపలికి రానివ్వరని తెలుసు.
అయినా ఆయన పేరనే వండుతుంది,
మెట్ల మీద కూర్చుని తనే తింటుంది.
ఈ ఊళ్ళో అందరూ కొండవైపు తిరుగుతారు,
ఆమె మూడో అంతస్తు కిటికీవైపు తిరుగుతుంది.

ఒక సాయంత్రం, ఎవరూ చూడకుండా,
గ్లాసులో మిగిలిన ఫీడు ఒక చెంచా తాగాను.
తీపి అని రాసిన కాగితాన్ని
నాకినట్టుంది.

నాలుగో రోజు తొందరపడి యాభైకి పెంచాం.
కడుపు ఒప్పుకోలేదు. సిరంజితో లాగితే
పెట్టిందంతా వెనక్కి వచ్చింది.
పంపు ఆపారు. పెద్ద డాక్టరు అడిగాడు:
"టాలరేట్ చేస్తున్నాడా, లేదా?"

ఆ మాట మా ఇంట్లోనూ ఉండేది.
జ్వరమొస్తే అమ్మ పొరుగింటావిడతో అనేది,
బిడ్డకు రెండ్రోజులుగా అన్నం సహించడం లేదని.
అన్నాన్ని సహించాలా?
ఏం తప్పు చేసిందని అన్నం,
అనుకునేదాన్ని అప్పుడు.

కన్నెమ్మకు సంగతి చెప్పాలి. భయపడుతూ చెప్పాను.
ఆమె మాత్రం నాకే పాఠం చెప్పింది:
"మంట ఎగదోస్తే పాకం పొంగతాది మేడమ్మా.
సన్నగా పెట్టాల. పెనం కాడ
ఆయన రేత్రంతా అట్లే కూచోని ఉండె.
తొందరపడే వాడికి బెల్లం కాదు,
మడ్డి మిగలతాది."

పదితో మళ్ళీ మొదలు.
పది, పదిహేను. ఒకపూట పదిహేనుతోనే ఆగి,
ఇరవై.
బొట్టు వెనక బొట్టు
గొట్టంలో దిగుతుంటే
నాకు చెరకు మంట వాసన వచ్చేది,
ఏసీ గదిలో.

ఇవాళ పదకొండో రోజు. నలభై ఐదు.
సిరంజిలోకి ఏమీ వెనక్కి రాలేదు.
కళ్ళు తెరవలేదు, వేలు కదపలేదు,
అయినా లోపలెక్కడో ఆయన
పని మొదలుపెట్టాడు.
ఛార్టులో ఇంగ్లీషులో ఒక్క మాట రాసి,
దాన్నే మెట్ల మీదికి తెలుగులో మోసుకెళ్ళాను.
"సహించిందమ్మా."

కన్నెమ్మ ఏడవలేదు. డబ్బా మూత తీసింది,
ఒక ముద్ద చేసి, ఊరిబిండి అద్ది,
"తిను" అంది. నాతో.
రెండు దాటింది. పొద్దుట్నించీ
నేనేమీ తినలేదని
ఏ కాలిక్యులేటర్ చెప్పిందో ఆమెకు.

ఉప్పు కొంచెం ఎక్కువైంది.
చెప్పలేదు.